సమాధానం: పన్నెండేళ్ల ఫైబర్ బోటు కొనొచ్చా? ముందు ఇంజను పలక చూడండి

బ్రదర్, పన్నెండేళ్ల ఫైబర్ బోటు బేరానికి వచ్చిందని, ఇంజను బిగించే వెనక పలక దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్లున్నాయని, కొనొచ్చా అని అడిగారు. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ పలక సంగతే తేల్చుకోండి. మిగతా ఒళ్లంతా బాగున్నా అది పాడైతే పెద్ద ఖర్చే.

ఔట్‌బోర్డ్ ఇంజను సగం పైకి లేపి, దాని కింది కాలు (ప్రొపెల్లర్ ఉండే భాగం) మీద మీ బరువు వేసి నొక్కండి. ఇంకొకర్ని పలకనే చూస్తూ ఉండమనండి. పలక ఊగినా, మూలల్లో పగులు నోరు తెరిచినా లోపలి ప్లైవుడ్ కుళ్లిందని అనుమానించాలి. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగి అలా అవుతుంది. మా బాబాయి బోటుకి ఒక్క బోల్టు విప్పితే నల్లటి నీళ్లు కారాయి, పుల్లటి కుళ్లు వాసన. బయట పెయింటు మాత్రం కొత్తగా మెరుస్తోంది.

తర్వాత పలక మీద, బోటు ఒంటి మీద స్క్రూడ్రైవర్ పిడితో జానెడుకొకచోట తట్టండి. ‘టక్’మంటే సరే. మొద్దుగా పలికితే పొరలు విడిపోయి ఉండొచ్చు, నీరు పట్టి ఉండొచ్చు. అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. కింద ఫోమ్, అడ్డపట్టీలు ఉన్నచోట కూడా శబ్దం మారుతుంది కాబట్టి కుడి ఎడమలు పోల్చి చూడండి.

వెంట్రుక పగుళ్లకి ఇప్పుడే టెన్షన్ వద్దు. ఒకచోట ఎమరీ కాగితంతో రుద్దండి. ఫైబర్ మీదుండే నున్నటి పైపూత, అంటే జెల్‌కోట్‌తోపాటే గీత పోతే అది పైపూతదే. కింద ఫైబర్ కనిపించాక కూడా గీత దిగుతూనే ఉంటే దెబ్బ లోతుగా ఉంది.

పలక మార్చాల్సొస్తే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. పైన ఇంకో పొర వేసి ఇస్తామంటే ఒప్పుకోకండి, కుళ్లు లోపలే ఉండిపోతుంది.