నవలలోని సాన్సా, సీరియల్‌లోని సాన్సా ఎందుకు వేరు?

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల ఆధారంగా తీసిన టీవీ సీరియల్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో, స్టార్క్ వంశపు అమ్మాయి సాన్సా కథ మారింది, ఎందుకంటే నవలలో ఇంకో అమ్మాయికి జరిగినదాన్ని సీరియల్‌లో ఆమెకు జరిగినట్టు చూపించారు. నవలల్లో వందల పాత్రలుంటాయి. తెరమీద ప్రతి కొత్త ముఖానికీ నటి కావాలి, పరిచయానికి సన్నివేశాలు కావాలి. ఐదో సీజన్‌లో ఉన్నవి పది ఎపిసోడ్లే. అందుకే రెండు పాత్రల్ని కలిపేస్తారు.

ఐదో నవలలో క్రూరుడైన రామ్సే బోల్టన్ పెళ్లాడేది జేన్ పూల్‌ని. ఆమె సాన్సా చిన్ననాటి స్నేహితురాలు, సాన్సా చెల్లెలు ఆర్యా పేరు చెప్పి అంటగట్టిన పిల్ల. అసలు సాన్సా వేల్ అనే వేరే ప్రాంతంలో, జుట్టుకు రంగేసుకుని, అలేన్ అనే మారుపేరుతో ఉంటుంది. 2015 నాటి ఐదో సీజన్‌లో జేన్ స్థానంలో సాన్సాకే ఆ పెళ్లి చేశారు. తెలిసిన ముఖం కాబట్టి ప్రేక్షకుడికి దెబ్బ గట్టిగా తగిలింది. ఎవరికీ పట్టని జేన్ బాధ మాత్రం కథలోంచే పోయింది.

నవలలు అయిపోయాకే ఇలాంటి మార్పులు చేశారనుకోవడం పొరపాటు. ఆ ఐదో నవల ఈ సీజన్‌కి నాలుగేళ్ల ముందే, 2011లోనే వచ్చింది.