కంట్రోల్ రూం డ్యూటీ తేలికా?

"మా చెల్లి కానిస్టేబుల్. శ్రీకాకుళం జిల్లాలో కంట్రోల్ రూంకి వేశారు. అత్యవసర నంబరు 112 డ్యూటీ అంటే ఫ్యాన్ కింద కూర్చుని చేసే పనే కదా, బందోబస్తుల గొడవ ఉండదు. తేలికేనా?" అని మీరు అడిగారు.

నేను ఆ డెస్క్ మీదే పనిచేస్తున్నాను. తేలిక కాదండీ. కానీ పోలీసు ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే.

112కి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు వేరు, పోలీసు బండి పంపేవాళ్ళు వేరు. కాల్ తీసుకున్నవాళ్ళు వివరాలు టైప్ చేసి జిల్లాకు పంపుతారు. అది మా స్క్రీన్ మీద ఈవెంట్‌గా పడుతుంది. దగ్గర్లో ఏ బండి ఉందో చూసి, వైర్‌లెస్ సెట్లో చెప్పి, అది చేరేదాకా వెంటపడటం మా పని. ఇందులో కష్టమంతా ఒకే మాట దగ్గరుంది: "ఎక్కడ?"

ఒక రాత్రి వచ్చిన ఈవెంట్‌లో "ఇంట్లో గొడవ, కొత్తపేట" అని మాత్రమే ఉంది. మన వైపు కొత్తపేటలు, లక్ష్మీపురాలు, గోపాలపురాలు ఎన్నున్నాయో మీకు తెలుసు. మ్యాప్‌లో టవర్‌ని బట్టి చూపించే గుండ్రటి మచ్చ రెండు మండలాల మీద పడింది. తిరిగి ఫోన్ చేశాను. చిన్నపిల్ల ఎత్తింది.

"నాన్న అమ్మని కొట్టేస్తన్నాడు, బేగి రండి" అంది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. ఏ మండలమమ్మా అంటే "కొత్తపేటే" అంటుంది. పక్క ఊరేటంటే తెలీదంది. బడి పుస్తకం మీద ఊరి పేరొక్కటే రాసుకుంది. వాకిట్లోంచి దెబ్బల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. అప్పుడు కరెంటు బిల్లులు ఎక్కడ పెడతారమ్మా అని అడిగాను. గోడ మేకుకి గుచ్చి ఉన్నాయంది. పైన ఉన్న చీటీకి ఇంకు ఎగిరిపోయి ఏమీ కనబడలేదు. దాని కిందది చూడమన్నాను. బిల్లు మీదుండే కరెంటు ఆఫీసు సెక్షన్ పేరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆ పేరుతో మండలం తేలిపోయింది.

ఆ స్టేషన్ బండి జాతర బందోబస్తులో దూరంగా ఉంది. దానికి సెట్లో చెబుతూనే ఆ ఊరి సచివాలయం మహిళా పోలీసుకి ఫోన్ కలిపాను. ఆవిడ పక్క వీధిలోనే ఉంటుంది. ఇద్దరు ఇరుగుపొరుగు మగవాళ్ళని వెంటేసుకుని వెళ్ళి వాడి చేతిలో కర్ర లాక్కుంది. బండి తరవాత చేరింది. తల్లికి తల పగిలింది, 108లో ఆసుపత్రికి పంపించారు. మేము అక్కడికి వెళ్ళము, ఎవరి మొహమూ చూడము. అయినా ఆ బిల్లు గురించి అడగడం అనేది ఏ శిక్షణలోనూ నేర్పరు. పల్లెటూరి ఇంట్లో బిల్లులు మేకుకి ఉంటాయని తెలిసినవాళ్ళే అడగగలరు. అందుకే ఈ కుర్చీలో ఈ జిల్లాలో పుట్టిపెరిగినవాళ్ళే కూర్చోవాలని నేను గట్టిగా చెబుతాను. కాలు విరిగిందనో, రిటైర్‌మెంట్ దగ్గరపడిందనో మనుషుల్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. అది ఫోన్ చేసినవాళ్ళకి అన్యాయం.

జనం మీద కూడా నాకు కోపం ఉంది. వివరాలు అడిగితే "ఇవన్నీ నీకెందుకు, ముందు బండి పంపు" అని అరుస్తారు. మీతో ఒకరు మాట్లాడుతుండగానే ఇంకొకరు బండిని కదిలిస్తారు. ప్రశ్నలు అడుగుతున్నామంటే బండి ఆగిపోయిందని కాదు. దయచేసి ఫోన్ పెట్టేయకండి. పొరపాటున కాల్ కలిసినా "పొరపాటు" అని ఒక్క మాట చెప్పండి. మామూలు కీప్యాడ్ ఫోన్లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే 112కి పోతుంది. జేబులో, పిల్లల చేతిలో అలా నొక్కుకుపోతుంటాయి. మాట లేకుండా కట్టయిన కాల్‌ని మేము వదిలేయలేం, ఎవరో గదిలో దాక్కుని చేశారేమోనని వెనక్కి చేస్తూనే ఉంటాం.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక ఇంకో తంటా వచ్చింది. రాజాం విజయనగరంలోకి పోయింది, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి పోయాయి. అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ "శ్రీకాకుళం జిల్లా" అనే చెబుతారు. వాళ్ళ తప్పేం లేదు, పుట్టినప్పటి నుంచి అదే కదా. ఇచ్ఛాపురం వైపయితే ఒడిశా టవర్ తగులుకుని కాల్ అటు పోయిన సందర్భాలూ చూశాను. హైవే మీద లారీ డ్రైవర్లకి మన ఊళ్ళు తెలీవు. వాళ్ళని మడపాం టోల్ దాటారా లేదా అని అడుగుతాను, లేకపోతే కిలోమీటరు రాయి మీద అంకె చదవమంటాను. భాష రాకపోయినా అంకె చెప్పగలరు.

స్కూళ్ళలో పిల్లలకి జిల్లా, రాష్ట్రం, రాజధాని అన్నీ నేర్పిస్తారు. మండలం పేరు, ఇంటి దగ్గరి గుడి పేరు, పక్క ఊరి పేరు మాత్రం నేర్పించరు. ఒక పంతులుగారు ఒక్క పూట చెబితే చాలు. ప్రతి ఊరి పొలిమేరలో మండలం పేరుతో కలిపి బోర్డు ఉండాలని కూడా నేను చాలామందికి చెప్పాను.

తేలికేనా అని అడిగారు కాబట్టి టెన్షన్ సంగతి కూడా చెబుతాను. ఫోన్లు మోగితే భయం లేదు, మోగకపోతేనే భయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నేనప్పటికి కంట్రోల్ రూంకి కొత్త. పలాస చుట్టుపక్కలుండే ఉద్దానం ప్రాంతం నుంచి కాల్స్ ఆగిపోయాయి. గాలి తగ్గిందేమో అనుకునేవాళ్ళున్నారు. మా సీనియర్ మాత్రం సెట్ పట్టుకుని స్టేషన్లని ఒక్కొక్కటిగా పిలవమన్నారు. అక్కడ కరెంటు స్తంభాలు, టవర్లు పడిపోయి ఫోన్లు పనిచేయడం లేదు, చెట్లు రోడ్లకి అడ్డం పడి ఉన్నాయి. ఏ మండలం నుంచి కాల్ రావడం లేదో చూడటం కూడా డ్యూటీయేనని నాకు నేర్పింది ఆయనే.

మీ చెల్లెల్ని ఒక నోట్‌బుక్ కొనుక్కోమనండి. మండలాల వారీగా ఒకే పేరున్న ఊళ్ళు, మహిళా పోలీసుల నంబర్లు, ఏ ఊరికి ఏ రోడ్డు వానల్లో తెగిపోతుందో అందులో రాసుకోమనండి. సిస్టంలో అన్నీ ఉంటాయి కదా అని ఎవరైనా అంటే వినొద్దనండి. నెట్ పోయిన రాత్రి చేతికందేది ఆ పుస్తకమే.