రిజిస్టర్ తప్పిన రంగులు: కామిక్స్‌లోంచి వచ్చిన యానిమేషన్ సినిమాల గురించి ఒక ప్రెస్సు మనిషి జవాబు

మీరు రెండు సంగతులు అడిగారు. కామిక్స్‌లోంచి తీసిన యానిమేషన్ సూపర్‌హీరో సినిమాలు పెద్దవాళ్లు కూర్చుని చూడదగ్గవేనా? తొమ్మిదేళ్ల మీ అబ్బాయితో కలిసి చూడాలంటే దేంతో మొదలుపెట్టాలి? చూడదగ్గవే. 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్'తో మొదలుపెట్టండి. ఎందుకో చెప్పాలంటే ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి.

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో 26 ఏళ్లుగా మెషిన్ నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, సంక్రాంతి ముందు క్యాలెండర్లు. మా దగ్గర రంగు బొమ్మ ఒకేసారి పడదు. పసుపు, మెజెంటా, సయాన్, నలుపు, ఈ నాలుగు రంగులకీ నాలుగు ప్లేట్లు ఉంటాయి. ఒక్కో ప్లేటూ కాగితం మీద సన్నని చుక్కలు వేస్తుంది. నాలుగూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే ముఖం ముఖంలా కనిపిస్తుంది. దాన్ని రిజిస్టర్ అంటాం. అర మిల్లీమీటరు జరిగినా చాలు, పెదవి ఎరుపు పక్కకి పోతుంది, భుజం అంచున నీలి గీత తేలుతుంది. ఒక ఏడాది సింహాచలం అప్పన్న స్వామి క్యాలెండర్‌లో నామం ఎరుపు పక్కకి జరిగింది. చూసుకునేసరికి రెండు వేల షీట్లు పడిపోయాయి. అన్నీ తూకానికి వేశాం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

2018 డిసెంబరులో, మా అమ్మాయి ఇంటర్ చదువుతున్నప్పుడు, బీచ్ రోడ్డులోని మల్టీప్లెక్స్‌కి నన్ను పట్టుబట్టి తీసుకెళ్లింది. "బొమ్మల సినిమాకి నేనెందుకమ్మా" అంటే, "నువ్వే చూడాలి నాన్నా" అంది. సినిమా మొదలైన కాసేపటికే నాకు టెన్షన్ పట్టుకుంది. వెనకున్న భవనాల అంచుల్లో ఎరుపు ఒక పక్కకి, నీలం ఇంకో పక్కకి జరిగి ఉన్నాయి. ముఖాల మీద నీడ పడిన చోట చుక్కలు కనిపిస్తున్నాయి. "రిజిస్టర్ పోయింది, ప్రొజెక్టర్‌లో ఏదో తేడా ఉంది" అని దాని చెవిలో చెప్పాను. "లేదు నాన్నా, కావాలనే చేశారు" అంది.

మామూలుగా కెమెరా దగ్గరి మనిషి మీద ఫోకస్ పెడితే వెనకవన్నీ మసకబారతాయి కదా. ఈ సినిమా తీసినవాళ్లు చాలాచోట్ల ఆ మసక తీసేసి, దాని బదులు రంగు జారిన అచ్చు పెట్టారు. అమెరికాలో పాత కామిక్స్ చవక న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యేవి. చుక్కలు కంటికి కనిపించేంత పెద్దవి, రంగు గీత దాటి బయటికి వచ్చేది. నాలాంటి మెషిన్ మనిషి తిట్లు తిని ఉంటాడు దానికి. చదివినవాళ్లు మాత్రం ఆ తప్పుని చిన్నప్పటి వాసనలా దాచుకున్నారు. పెద్దయ్యాక అంత ఖర్చు పెట్టి, అంత ఓపికగా తెర మీదకి తెచ్చారు. నాకు హాల్లోనే కళ్లు చెమర్చాయి. మా అమ్మాయి చూసింది, ఏమీ అనలేదు.

కదలిక సంగతి కూడా మీ అబ్బాయికి చూపించండి, పిల్లలు తొందరగా పట్టేస్తారు. సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. ఇందులో కొత్తగా స్పైడర్‌మ్యాన్ అవుతున్న కుర్రాడు మైల్స్ మొరాలెస్‌కి ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపారు. అంటే సెకనుకి 12 బొమ్మలే. అందుకే వాడి నడకలో, గెంతులో చిన్న తడబాటు ఉంటుంది. అడవిలో మంచు మీద చెట్ల మధ్య ఊగే చోట, పక్కనే ఉన్న అనుభవం గల స్పైడర్‌మ్యాన్‌కి 24 బొమ్మలు, వీడికి 12. ఒకడికి పని వచ్చు, ఒకడు ఇంకా నేర్చుకుంటున్నాడు. ఆ తేడా ఒక్క మాట లేకుండా కంటికి తెలిసిపోతుంది. తరవాత ధైర్యం తెచ్చుకుని భవనం మీంచి దూకేటప్పుడు వాడి కదలిక సాఫీగా మారుతుంది. నేను మూడోసారి చూసినప్పుడు గానీ ఇది గమనించలేదు. సాలీడు కుట్టాక వాడి మనసులో మాటలు పెట్టెల్లో అక్షరాలై తెర మీద పడటం అయితే మొదటిసారే ఎవరికైనా కనిపిస్తుంది.

మైల్స్ పాత్రని 2011లో రచయిత బ్రయాన్ మైకేల్ బెండిస్, చిత్రకారిణి సారా పికెల్లీ కామిక్‌లో పుట్టించారు. సినిమాకి 2019లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. కానీ దీంతోనే మొదలుపెట్టమనడానికి నా కారణం వేరు. నటులతో తీసే సూపర్‌హీరో సినిమా కామిక్‌లోంచి కథనీ వేషాన్నీ తీసుకుంటుంది, కాగితాన్ని వదిలేస్తుంది. గీత, చుక్క, పెట్టెలు కట్టిన పేజీ, అక్షరాలుగా గీసిన శబ్దం, ఇవన్నీ తెర మీదకి రావాలంటే యానిమేషన్‌లోనే బాగా కుదురుతుంది. చిన్నప్పుడు చందమామలో శంకర్ గారు గీసిన విక్రమార్కుడు, భుజం మీద బేతాళుడు, చేతిలో కత్తి, ఆ బొమ్మ చూశాకే కథలోకి వెళ్లేవాళ్లం. మా నాన్న కూడా చదివేవారు. బొమ్మలుంటే పిల్లలకే అని మన ఇళ్లలో ఎవరూ అనుకోలేదు. ఈ మాట ఎప్పుడు మొదలైందో గానీ నాకు బాధగా ఉంటుంది.

ఇక పెద్దవాళ్ల కోసం, అంటే ముందు మీకోసం, 'బ్యాట్‌మ్యాన్: మాస్క్ ఆఫ్ ద ఫాంటాజమ్' చూడండి. 1993 నాటిది, గంటా పావుకి కాస్త ఎక్కువ. దీనికి ముందు ఇదే బృందం చేసిన టీవీ సీరియల్‌లో వెనక దృశ్యాల్ని నల్ల కాగితం మీద గీశారు. మేము తెల్ల కాగితం మీద చీకటిని వేస్తాం. వాళ్లు చీకటితో మొదలుపెట్టి వెలుగుని వేశారు. అందుకే ఆ ఊళ్లో రాత్రి అంత చిక్కగా ఉంటుంది. కథలో ఒకచోట బ్రూస్, అంటే ముసుగు లేని బ్యాట్‌మ్యాన్, వానలో తల్లిదండ్రుల సమాధి ముందు మోకరిల్లి వేడుకుంటాడు. నేరాల మీద పోరాడతానని వాళ్లకి మాటిచ్చినవాడు. మీకిచ్చిన మాట తప్పాలని కాదు, నేను సంతోషంగా ఉంటానని ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడు ఏం చెయ్యాలి అన్న భావంతో మాట్లాడతాడు. ఇంటి బాధ్యత నెత్తిన వేసుకుని సొంత జీవితం వాయిదా వేసుకున్నవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు! ఆ సీన్ తొమ్మిదేళ్ల వాడికి అంతగా తాకదు, మీకు తాకుతుంది. అది థియేటర్లలో ఆడలేదు. ఇళ్లలో వీడియోలో చూసినవాళ్లే దాన్ని బతికించారు.

ఇప్పుడు ఒక జాగ్రత్త. ఇది నా తప్పు, మీరు చెయ్యకూడదని చెబుతున్నాను. 2021లో గాజువాక నుంచి మా చెల్లెలు వచ్చింది, వాళ్లబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. బ్యాట్‌మ్యాన్ కదా, బొమ్మల సినిమా కదా అని 'ద కిల్లింగ్ జోక్' పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. అది 1988లో అలన్ మూర్ రాసి, బ్రయాన్ బోలండ్ గీసిన కామిక్‌లోంచి 2016లో తీసింది. అమెరికాలో దానికి ఆర్ రేటింగ్, అంటే పెద్దలు పక్కన లేకుండా పిల్లలు చూడకూడనిది. నేను ఆ అక్షరం చూడనే లేదు. భోజనాల దగ్గర వాడు అన్నం కలుపుతూ, "మావయ్యా, ఆ అక్క తలుపు తీసింది అంతే కదా, జోకర్ ఎందుకు కాల్చాడు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. చెల్లెలు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి వాడు వాళ్లమ్మ పక్కనుంచి కదల్లేదు. కాబట్టి ఏది పెట్టినా ముందు రేటింగ్ చూడండి, వీలైతే ముందురోజు మీరొక్కరే చూసేయండి. బ్యాట్‌మ్యాన్, జస్టిస్ లీగ్ పేర్లతో నేరుగా వీడియోగా వచ్చిన వాటిల్లో చాలావరకు పిల్లల కోసం తీసినవి కావు.

రెండేళ్ల తరవాత అదే మేనల్లుడిని మైల్స్ కథ రెండో భాగం 'ఎక్రాస్ ద స్పైడర్‌వర్స్'కి తీసుకెళ్లాను. 2023లో అది తెలుగుతో కలిపి మన దేశంలో పది భాషల్లో వచ్చింది. అందులో పవిత్ర్ ప్రభాకర్ అనే మన స్పైడర్‌మ్యాన్ ఉన్నాడు. అతను సినిమా కోసం పుట్టినవాడు కాదు, 2004లో మన దేశంలోనే వచ్చిన కామిక్ లోనివాడు. జీవన్ కాంగ్ గీసిన ఆ బొమ్మలో పంచెకట్టు కూడా ఉంటుంది. మైల్స్ "చాయ్ టీ" అనగానే, చాయ్ అంటేనే టీ, నువ్వు టీ టీ అంటున్నావు అని అతను కసురుకుంటాడు. మా వాడు సీట్లోంచి లేచి నవ్వాడు. కథ చాలా లోకాల్లో తిరుగుతుంది, ఒక్కో లోకానికి ఒక్కో చేతిరాత ఉంది ఇందులో. గ్వెన్ అనే స్పైడర్ అమ్మాయి తన తండ్రితో మాట్లాడేటప్పుడు గోడల రంగులు నీళ్లరంగుల్లా కారిపోతాయి. హోబీ అనే ఇంకో స్పైడర్‌మ్యాన్ గోడకంటించిన పోస్టర్లు చింపి అతికించినట్టు కదులుతాడు. ప్రెస్సులో పనిచేసేవాడికి ఇదంతా పండగే.

అయితే ఇది 140 నిమిషాలు, పైగా కథ సగంలో ఆగిపోతుంది. మీ అబ్బాయికి ముందే చెప్పండి, లేకపోతే మా వాడిలా ఇంటికొచ్చేదాకా అలుగుతాడు. అంతసేపు కూర్చోలేడు అనుకుంటే 1941–43 మధ్య ఫ్లైషర్ స్టూడియోతో మొదలైన సూపర్‌మ్యాన్ లఘుచిత్రాలు 17 ఉన్నాయి, ఒక్కోటీ దాదాపు పది నిమిషాలే, ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. యుద్ధకాలంలో తీసిన కొన్నిట్లో జపాన్ వాళ్లని చాలా హీనంగా చూపించారు. అవి వదిలేసి మొదట్లో వచ్చినవి పెట్టండి.

ఇంకొకటి. సినిమా చూశాక ఆ చుక్కలేంటని అడిగితే ఇంట్లో ఉన్న ఆదివారం పేపరు తీసి, భూతద్దం కింద ఏదైనా రంగు బొమ్మ పెట్టి చూపించండి. మా మేనల్లుడికి నేను ప్రెస్సులో వాడే లెన్స్ ఇచ్చాను. నాలుగు రంగుల చుక్కలు విడివిడిగా కనిపించేసరికి వాడు బిస్కెట్ ప్యాకెట్టు, సబ్బు డబ్బా, చివరికి మా గోడ మీది అప్పన్న స్వామి క్యాలెండర్ కూడా దించి చూశాడు. అది సరిగ్గా రిజిస్టర్ అయిన ఏడాదిది.