మీ వీధి సమస్యకు ఇలా చేసి చూడండి
హైదరాబాద్‌లో మీ వీధి లైట్లు వెలగట్లేదని, మ్యాన్‌హోల్ పొంగి ఇళ్ల గుమ్మాల దాకా వస్తోందని రాశారు కదా, చదువుతుంటేనే బాధేసింది. రెండిటికీ కలిపి ఒకే అర్జీ పెట్టకండి. మురుగునీరు జలమండలి పని, 155313కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసుకోండి. లైట్ల అర్జీలో మాత్రం స్తంభం మీదున్న నంబరే వేయండి, మా గల్లీలో "చివరి ఇంటి దగ్గర" అని రాసినన్నాళ్లూ ఎవరూ రాలేదు, నంబరు వేశాక రెండో రోజే నిచ్చెన బండి వచ్చింది. అప్పటికీ కదలకపోతే సోమవారం అధికారులు జనం అర్జీలు నేరుగా తీసుకునే ప్రజావాణికి నలుగురూ కలిసి వెళ్లి రసీదు తీసుకోండి. ఆ రసీదు జిరాక్స్ జతచేసి, 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మన అర్జీ ఏమైందో అడగండి, 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి.