నానమ్మ స్టూలు ఇప్పుడు ఎవరిది?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు, మెన్నోనైట్ బ్రెదరన్ క్రైస్తవ సంఘం. పోయిన నెల మా నానమ్మ 84వ ఏట ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. పక్షవాతం వచ్చిన తాతయ్యకు పదకొండేళ్లు చేసింది. ఆ తర్వాత మా వీధిలో ఎవరు మంచాన పడ్డా వెళ్లి, పక్కన తన స్టూలు వేసుకుని కూర్చునేది. చివరి ఎనిమిది నెలలు ఆమెకు చేసింది నేనే, ఉద్యోగం కూడా మానేశాను. ఆమె పోయిన రోజు ఏడుపు కంటే ముందు ‘అమ్మయ్య’ అనిపించింది. అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో నన్నే సాక్ష్యం, అంటే ఆమె జీవితం గురించి నాలుగు మాటలు, చెప్పమంటున్నారు. ఈలోగా పెదనాన్నకు స్ట్రోక్ వచ్చింది. ‘నానమ్మ చెయ్యి నీకే వచ్చింది, నువ్వే చూసుకోవాలి’ అంటున్నారు ఇంట్లో. కాదంటే ఆమెకు ద్రోహం చేసినట్టేనా? (29 ఏళ్లు)

జవాబు: అమ్మా, ముందు ఆ ‘అమ్మయ్య’ సంగతి చూద్దాం. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. అంటే మీరు రాత్రికి నాలుగుసార్లు లేచారు, అదీ ఎనిమిది నెలల పాటు. ఆ రోజు ‘అమ్మయ్య’ అన్నది మీ ఒళ్లు. నానమ్మ పోవాలని మీరెప్పుడూ కోరుకోలేదు, ఆమె బాధ తీరాలని కోరుకున్నారు. మంచానపడ్డ వాళ్లకు చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఈ మాటే గొంతు తగ్గించి చెబుతారు. రెండింటికి మెలకువ రావడం కూడా ఆ అలవాటే. ఇంకో నెలకీ తగ్గకపోతే, లేదా తిండి సయించకపోతే, డాక్టరుకు చూపించుకోండి.

ఇక సాక్ష్యం. మీ నాన్నగారు రాసిచ్చిన కాగితం మీ ఉత్తరంతో పాటు చదివాను. 1899లో అమెరికా నుంచి మిషనరీలు నిజాం రాజ్యానికి రావడంతో మొదలుపెట్టారు. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ గురించి, శంషాబాద్ మిషన్ ఆసుపత్రిలో నానమ్మ వాళ్లమ్మ ఆయాగా చేయడం గురించి ఉంది. మంచి చరిత్రే, పిల్లలకు తెలియాలి. కానీ నానమ్మ వచ్చేసరికి ‘త్యాగమూర్తి, ప్రార్థనాపరురాలు’ అని రెండు మాటల్లో తేల్చేశారు. ఆ మాటలు ఎవరి సమాధి మీదైనా సరిపోతాయి.

మీ ఉత్తరంలో ఉన్న నానమ్మ వేరు. తాతయ్య ఒళ్లు తుడిచే ముందు నీళ్ల వేడి మోచేత్తో చూసుకునేది. ఆయన తిడితే గ్లాసు ఠక్కున కిందపెట్టి, వేపచెట్టు కిందికి పోయి, ఆయనకు వినబడేలా గట్టిగా కీర్తన ఎత్తుకునేది. నాకు నవ్వొచ్చింది! అంత భక్తురాలికీ కోపం వచ్చిందని, ఆ కోపాన్ని అలా దాటిందని చెప్పండి. మోకాళ్ల నొప్పి ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదని, ఇంట్లో ఎవరూ అడగలేదని కూడా చెప్పండి. నాన్నగారికి కాస్త కష్టంగా ఉంటుంది. ముందు రోజే ఆయనకు చదివి వినిపిస్తే సభలో ఉలిక్కిపడరు.

పెదనాన్న విషయంలో మాత్రం నాది గట్టి అభిప్రాయం. నేను మీ సంఘం మనిషిని కాను. అయినా మీ విశ్వాసంలోనే దీనికి జవాబు ఉందనిపిస్తోంది. మీ సంఘానికి పేరిచ్చిన మెన్నో సైమన్స్ 1536లో తన పాత సంఘాన్ని విడిచిపెట్టారు. పసిబిడ్డకు పెద్దలు ఇప్పించే బాప్తిస్మం చెల్లదని, తెలిసిన వయసులో మనిషి తానే ఒప్పుకోవాలని ఆయనా ఆయన తోటివాళ్లూ పట్టుబట్టారు. అందుకు ఎంతోమంది ప్రాణాలే పోగొట్టుకున్నారు. బాప్తిస్మమే ఒకరి తరఫున ఇంకొకరు ఒప్పుకోకూడదన్నప్పుడు, మీ పదేళ్ల జీవితాన్ని మీ తరఫున ఇంట్లోవాళ్లు ఎలా ఒప్పుకుంటారు? నానమ్మ ఆ స్టూలు మీద కూర్చుంది ఇష్టపడే అయ్యుండొచ్చు. ఇప్పుడు దాన్ని మీ వైపు జరుపుతున్నది మాత్రం ఇంట్లోవాళ్లు.

యోహాను సువార్త పదమూడో అధ్యాయం మీకు నాకంటే బాగా తెలుసు. యేసు శిష్యుల కాళ్లు కడిగి, ఒకరి పాదాలు ఒకరు కడగాలన్నాడు. ఇంట్లో ఒక్క ఆడపిల్లే అందరి కాళ్లూ కడగాలని అనలేదు.

పెదనాన్నకు ఇద్దరు కొడుకులున్నారని రాశారు. కూడిక అయ్యేదాకా ఆగొద్దు, శనివారమే వాళ్లను పిలిపించండి. పాస్టరయ్యను కూడా కూర్చోమనండి. ఒక కాగితం మీద పగలు, రాత్రి, మందులు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి తీసుకెళ్లడం, డబ్బు అని గళ్లు గీసి వాళ్ల ముందు పెట్టండి. ఏ గడిలో ఎవరి పేరో వాళ్లే రాయాలి. మీ పేరు చివర్లో, మీకు కుదిరితేనే. ‘వారానికి ఒక పూట వస్తాను’ అన్నా చాలు, ఏమీ రాయకపోయినా తప్పు లేదు. దగ్గరుండి చేయలేమంటే జీతానికి మనిషిని పెట్టుకుని ఖర్చు పంచుకోవాలి. తిప్పడం, తినిపించడం మీకు తెలుసు కాబట్టి వాళ్లకు రెండు రోజులు దగ్గరుండి నేర్పండి. వాళ్లు మగవాళ్లు, చేతకాదు అంటారు. తాతయ్యకు పక్షవాతం వచ్చేనాటికి నానమ్మకు మాత్రం ఏం వచ్చు?

పాత ఆఫీసుకు ఫోన్ చేయడం కూడా వాయిదా వేయకండి, సోమవారమే చేయండి.