గ్రంథి స్రవిస్తుందా, స్రవింపజేస్తుందా?

సందేహం: "కాల్షియం లోపలికి రాగానే నాడీకణం ఎసిటైల్‌కోలిన్‌ను స్రవిస్తుంది" అని తరగతిలో చెబుతాను. మా బడిలో ఇంకో సారు "విసర్జిస్తుంది" అనాలంటున్నారు. ఏది ఒప్పు?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు

సమాధానం: విసర్జన అంటే అక్కరలేనిదాన్ని వదిలించుకోవడం. ఎసిటైల్‌కోలిన్ కండరానికి అందాల్సిన కబురు కనుక ఆ మాట ఇక్కడ పొసగదు. మీ స్రవించడమే నయం. అయితే ఆ 'ను' దగ్గర నాకు పేచీ ఉంది.

'స్రు' ధాతువుకు పారడం, కారడం అని అర్థం. స్రావం, స్రోతస్సు, స్రవంతి అన్నీ దాని సంతానమే. అమరకోశం స్రవంతిని నది పేర్లలో చేర్చింది. రామాయణంలో రాముడు వానాకాలం గడిపిన కొండ పేరు ప్రస్రవణం. ఊటలున్న కొండకు తగిన పేరు. వీటిలో పారేది తనంతట తానే పారుతోంది. తెలుగులోనూ నీళ్లు కారతాయి, కుండ కూడా కారుతుంది. 'కుండ నీళ్లను కారుతోంది' అని మాత్రం పెన్నా ఒడ్డున ఎవరూ అనరు. మరి 'గ్రంథి హార్మోనును స్రవిస్తుంది' అని ఎలా రాస్తున్నారో! ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టుకుని రాస్తే ఇంతే.

పోనీ 'కాల్షియం స్రవింపజేస్తుంది' అందామా? అసలు కర్త ఎవరో చూడండి. కణం లోపల కాల్షియం గాఢత సుమారు 100 నానోమోలార్. బయట దానికి పదివేల రెట్లు. నాడీ ప్రేరణకు కణం పొరలోని కాల్షియం దారులు (చానెళ్లు) తెరుచుకోగానే కాల్షియం లోపలికి దూకి, ఎసిటైల్‌కోలిన్ నింపుకున్న తిత్తి (వెసికిల్) మీద ఉన్న సినాప్టోటాగ్మిన్ అనే ప్రొటీన్‌ను అంటుకుంటుంది. తిత్తి పొరనూ కణం పొరనూ దగ్గరికి లాగేవి మాత్రం స్నేర్ ప్రొటీన్లు. అవి ముందే కొంత పెనవేసుకుని ఆగి ఉంటాయి. కాల్షియం వచ్చి ఆ ఆపు తీస్తుంది. మిల్లీసెకను లోపే పొరలు రెండూ కలిసిపోతాయి, సందు తెరుచుకుంటుంది. బయటి కాల్షియం తీసేస్తే ప్రేరణ వచ్చినా విడుదల ఉండదు. ఎ రకం బొటులినం విషం స్నాప్-25 అనే స్నేర్‌ను కోసేసిన చోట కాల్షియం మామూలుగానే వస్తుంది, తిత్తులు మాత్రం తెరుచుకోవు.

(వెసికిల్‌కు 'కోశిక' అనే వాళ్లున్నారు. హిందీలో కోశిక అంటే కణమే! ఊపిరితిత్తి, కొలిమితిత్తి ఉన్న భాషకు తిత్తి చాలదా?)

"కాల్షియం రాగానే తిత్తులు కణం పొరతో కలిసి తెరుచుకుంటాయి, ఎసిటైల్‌కోలిన్ బయటికి వస్తుంది" అని చెప్పండి. 'ఎసిటైల్‌కోలిన్ స్రవిస్తుంది' అన్నా అభ్యంతరం లేదు. 'ను' చేర్చి నేనైతే రాయను. వాడుకలో పాతుకుపోయినదాన్ని తప్పని కొట్టేయడానికీ చెయ్యి రాదు. పిల్లలు అలా రాస్తే మార్కులు కోయకండి.