పీహెచ్‌డీ మధ్యలో మూడు నెలలు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లొచ్చా?

అమెరికాలో బయాలజీ పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నానని, కంపెనీలో పని ఎలా ఉంటుందో చూడాలని ఉన్నా గైడ్‌ని అడగాలంటే భయంగా ఉందని రాశారు. నాలుగో ఏడాది వేసవిలో నేను వెళ్లొచ్చాను. మీరూ వెళ్లండి.

సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చిన్న బయోటెక్ కంపెనీ, 12 వారాలు. కెమిస్టులు పంపిన కాంపౌండ్లు కణాల మీద ఎంత పనిచేస్తున్నాయో కొలిచి సాయంత్రానికి అంకెలు ఇవ్వడం నా పని. ల్యాబ్‌లో ఒకే ప్రశ్న పట్టుకుని మూడేళ్లు ఒంటరిగా కూర్చున్నదాన్ని. ఇక్కడేమో నా అంకెలు చూసి వచ్చే వారం ఏ అణువు తయారుచేయాలో పక్క గదిలో వాళ్లు నిర్ణయించేవారు. ఆ సంతోషం నాకు కొత్త. ఏడో వారంలో ఆ ప్రాజెక్టునే ఆపేశారు. డేటా బాగానే ఉంది, కానీ అదే టార్గెట్ మీద, అంటే మందు గురిపెట్టే అదే అణువు మీద, మరో కంపెనీ చాలా ముందుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున వెళ్లేసరికి టీమంతా ఇంకో ప్రాజెక్టు గురించి మాట్లాడుకుంటున్నారు! ఈ పద్ధతి నాకు సరిపడుతుందని నెల తిరిగేలోపు అర్థమైంది. నాతో వచ్చిన ఇంకో అమ్మాయికి సరిపడలేదు. తను పోస్ట్‌డాక్‌కే (పీహెచ్‌డీ తర్వాత ల్యాబ్‌లో చేసే పరిశోధన ఉద్యోగం) వెళ్లింది, అదీ ఇష్టపడి వెళ్లింది. ఇద్దరికీ ఆ వేసవి పనికొచ్చింది.

గైడ్ దగ్గర నేను రెండు నెలలు నోరు విప్పలేదు. అది నా తప్పే. చివరికి అడిగితే ఆయన మొదటి మాట, "మరి సెల్ లైన్లు ఎవరు చూస్తారు?" ల్యాబ్‌లో నేను పెంచుతున్న కణాల గురించి ఆయన బెంగ. అందుకే ఉత్త చేతులతో వెళ్లకండి. వెళ్లే తేదీ, వచ్చే తేదీ, కణాలు చూసేదెవరు, పేపర్ ఎక్కడిదాకా తెచ్చి వెళ్తారు, ఇవన్నీ ఒక పేజీలో రాసివ్వండి. మీ స్టైపెండ్ ఆయన గ్రాంట్ నుంచి వస్తుంటే, కంపెనీ జీతమిచ్చే ఆ మూడు నెలలు ఆ డబ్బు మిగులుతుందని కూడా చెప్పండి. ఇలాంటి కెరీర్ శిక్షణ కోసమే ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) 2013, 2014ల్లో 'బెస్ట్' పేరుతో 17 సంస్థలకు నిధులిచ్చింది, కాబట్టి మీరు అడుగుతున్నది వింత కోరికేం కాదు.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకు సీపీటీ, అంటే చదువుకుంటూనే బయట పనిచేసే అనుమతి, కావాలి. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు, పని మీ చదువులో భాగంగా ఉండాలి. ఐ-20 (మీ యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం) మీద కంపెనీ పేరు, తేదీలు వచ్చేదాకా ఒక్క రోజు కూడా పని మొదలుపెట్టకండి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి) పోతుంది. మూడు నెలలతో ఆ టెన్షన్ లేదు.

పోస్ట్‌డాక్ అయ్యాక ఇది కష్టమవుతుంది. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీదుంటే మరో కంపెనీ మీకోసం వేరే పిటిషన్ వేయాలి, మూడు నెలల కోసం ఎవరు వేస్తారు? జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా)లో ఉన్నవాళ్లు బయట ఏ పనికైనా ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగాలి. అందుకే పీహెచ్‌డీలో ఉండగానే వెళ్లమంటున్నాను.

వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద కంపెనీలు చాలావరకు అంతకుముందు చలికాలంలోనే దరఖాస్తులు తీసుకుంటాయి. గైడ్‌తో ఈ సెమిస్టర్‌లోనే మాట కదపండి.